నాలుగు కుటుంబాలు కలిసి చెరువు దగ్గర మూడు రోజులు గడపాలంటే

మీ ప్రశ్న సారాంశం ఇది. హైదరాబాద్‌లో ఉంటున్న నాలుగు స్నేహితుల కుటుంబాలు, అంటే పెద్దలు ఎనిమిది మంది, మూడేళ్ల నుంచి పదమూడేళ్ల వరకు వయసున్న పిల్లలు ఐదుగురు, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు, డిసెంబరు చివరి వారంలో మూడు రోజుల పాటు లక్నవరం చెరువు వైపు వెళ్లాలనుకుంటున్నారు. మొదటి రోజు వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి దర్శనం. రెండో రోజు రామప్ప, లక్నవరం, మేడారం. మూడో రోజు బొగత జలపాతం, పాకాల చూసుకుని రాత్రికి ఇంటికి చేరడం అని ఒక పట్టిక వేసుకుని, ఇది సరిపోతుందా, లక్నవరం కన్నా నాగార్జునసాగర్ మేలా, ఖర్చులు ఎలా పంచుకోవాలి, టెంపో ట్రావెలర్ మాట్లాడుకోవాలా లేక సొంత కార్లలో వెళ్లాలా అని అడిగారు. విశ్రాంతిగా గడపాలన్నదే అసలు ఉద్దేశమని కూడా రాశారు.

ఆ ఉద్దేశానికీ మీ పట్టికకూ పొత్తు కుదరదు. ఏడెనిమిది చోట్లను మూడు రోజుల్లో చుట్టి రావడం తీర్థయాత్ర బస్సు చేసే పని. పద్నాలుగు మంది ఉన్న బృందం ఒక్కో చోట దిగి, పిల్లలను లెక్కపెట్టుకుని, చెప్పులు వెతుక్కుని మళ్లీ బండి ఎక్కడానికే ప్రతిసారీ అరగంట పడుతుంది. నా సలహా ఒక చెరువు, ఒక గుడి, రెండు రాత్రులు ఒకే బస. మిగిలినవన్నీ కొట్టివేయండి. బొగతను ముందుగా కొట్టివేయండి. అది వాజేడు మండలంలో, ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన మీదుగా గోదావరిని దాటిన తరువాత వస్తుంది, లక్నవరం నుంచి పోయిరావడానికే సగం రోజు గడిచిపోతుంది. పైగా దాని హోరు వానాకాలపు సంగతి, డిసెంబరు చివరికి ధారలు సన్నబడిపోతాయి. వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి హైదరాబాద్ నుంచి ఒక్క రోజులో ఎప్పుడైనా చూసి రాగలిగినవి కనుక వాటికోసం చెరువు దగ్గర గడపవలసిన పూటలను ఖర్చు చేయనక్కరలేదు.

ఇక చెరువు ఎంపిక. గండిపేట ఊరి పక్కనే ఉంది, కానీ 1908 నాటి మూసీ వరదల తరువాత కట్టి 1920 నాటికి పూర్తిచేసిన ఆ జలాశయం నగరానికి తాగునీరిచ్చేది. సాయంత్రం గట్టున కూర్చుని రావడానికి బాగుంటుంది తప్ప సెలవులకు చాలదు. వికారాబాద్ వైపు కోటపల్లి జలాశయంలో కయాకింగ్ పిల్లలకు నచ్చుతుంది, అయితే సెలవు రోజుల్లో నగరం మొత్తం అటే కదులుతుంది. ఆ చుట్టుపక్కల కొన్ని రిసార్టుల్లో అర్ధరాత్రి దాటేవరకు మోగే డీజేల సంగతి తెలిసినవారెవరూ మీ అమ్మగారితో అక్కడికి వెళ్లమని చెప్పరు. పాకాల అన్నింటిలోకీ అందమైనదని నా అభిప్రాయం. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన ఆ చెరువు అడవి మధ్య సముద్రంలా పరుచుకుని ఉంటుంది. కానీ ఇంత పెద్ద బృందం రెండు రాత్రులు హాయిగా ఉండేందుకు కావలసిన వసతి లక్నవరం దగ్గర దొరికినట్టుగా అక్కడ దొరకదు. కొల్లాపూర్ దగ్గరి సోమశిల కూడా మంచి చోటే. శ్రీశైలం వెనుక జలాలు, లలితా సోమేశ్వరాలయం, నది ఒడ్డున కాటేజీలు ఉన్నాయి. పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే దానినే సూచించేవాణ్ణి.

నాగార్జునసాగర్ విషయం కొంచెం వేరు. దూరం తక్కువ, దాదాపు 150 కిలోమీటర్లు, రోడ్డు సులువు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట, ముంపుకు గురైన ఇక్ష్వాకుల విజయపురి నుంచి తరలించిన శిల్పాలను భద్రపరిచిన నాగార్జునకొండ ద్వీపం, 2022లో ప్రారంభమైన బుద్ధవనం, ఎత్తిపోతల, ఇవన్నీ చూడదగినవే. ఇబ్బంది కూడా అక్కడే ఉంది, ఎందుకంటే సాగర్ వెళ్లినవాళ్లు చూడకుండా ఉండలేరు. లాంచీ వేళకు పరుగు, మ్యూజియం వేళకు పరుగు. కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవని మరిచి రేవు దాకా వెళ్లి వెనక్కి వచ్చే కుటుంబాలు ప్రతి వారమూ ఉంటాయి. చరిత్ర మీద ఆసక్తి ఉన్న ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడానికి సాగర్‌ను మించినది లేదు. ఏ పనీ పెట్టుకోకుండా ఉండాలంటే లక్నవరమే మేలు.

లక్నవరం ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో ఉంది. ఇది కూడా కాకతీయుల కాలపు చెరువే. కొండల మధ్య ఉన్న ఇరుకు సందులను చిన్న కట్టలతో మూసి, చుట్టూ ఉన్న కొండలనే మిగిలిన గట్టుగా వాడుకున్నారు. అందుకే నీళ్ల మధ్య దిబ్బలు లంకలుగా నిలిచాయి, వాటిలో కొన్నింటికి వేలాడే వంతెనలు వేశారు. పర్యాటక శాఖ వసతి గదులు ఉన్నాయి, బోటింగ్ ఉంది. ఉప్పల్ దాటి భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు మీదుగా 200 పైచిలుకు కిలోమీటర్లు. టిఫిన్‌కు ఆగుతూ వెళితే ఐదు గంటలు వేసుకోండి. డిసెంబరు చివరి వారం కనుక గదులు ఒకటి రెండు నెలల ముందే, అదీ పర్యాటక శాఖ అధికారిక సైటులోనే, తీసుకోవాలి. ఇది చదివి జనవరి, ఫిబ్రవరి నెలల్లో బయలుదేరే ఇతరులకు ఒక మాట: మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరుగుతుంది, 2024లో ఫిబ్రవరిలో, 2026లో జనవరి చివర జరిగింది. జాతర ఉన్న ఏడు ముందస్తు మొక్కులకు వచ్చే జనంతో వారాల ముందు నుంచే ఆ దారి కిటకిటలాడుతుంది. ఆ రోజుల్లో విశ్రాంతి కోసం అటు వెళ్లవద్దు. వెళితే అమ్మవార్ల దర్శనానికే వెళ్లాలి.

రోజును ఎలా గడపాలన్నది ఇప్పుడు చెబుతాను. చెరువుకు బాగుండే వేళలు రెండే: పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తరువాత. పొద్దున గాలి ఉండదు, నీరు కదలదు, నీటికాకులు మోళ్ల మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపిస్తాయి, లకుముకి పిట్టలను పిల్లలు సులువుగా గుర్తుపడతారు. పడవ ఎక్కేవాళ్లు అప్పుడే ఎక్కాలి. ఎండ ఎక్కిన కొద్దీ గాలి లేచి నీటి మీద అలలు మొదలవుతాయి, బోటింగ్ దగ్గర వరుసలు పెరుగుతాయి, ఒక్క రోజుకు వచ్చిన జనమంతా వంతెన మీద ఫొటోల కోసం నిలబడతారు. ఆ సమయంలో మీరు గదుల్లో ఉండాలి. మధ్యాహ్నం భోజనం చేసి పడుకోవడాన్ని మన ఇళ్లలో తప్పుగా చూసే అలవాటు ఈ మధ్య వచ్చింది గానీ, ఈ మూడు రోజులూ దానిని కార్యక్రమంలో ముఖ్యమైన అంశంగా పెట్టుకోండి. సాయంత్రం దోమలు లేచేలోపు పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేసి దోమల మందు రాయాలి. ములుగు అడవుల్లో డిసెంబరు చలి హైదరాబాద్ చలికన్నా గట్టిది, స్వెట్టర్లు, మీ అమ్మగారికి శాలువా తప్పనిసరి.

నీటి విషయంలో కాస్త నిదానంగా చెప్పవలసి ఉంది. చెరువులో ఎవరూ దిగవద్దు. ఈత వచ్చినవారు కూడా దిగవద్దు. ఈత కొలనులో నేర్చుకున్న ఈతకూ, అడుగు కనబడని నీటిలో ఈతకూ సంబంధం లేదు. కట్ట దగ్గర లోతు ఒక్కసారిగా పడిపోతుంది, నాచు పట్టిన రాతి కట్టు మీద కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎదుటి వైపు, అంటే నీరు తగ్గినప్పుడు బయటపడే శిఖం భూమి వైపు, లోతు తక్కువగా కనిపించినా అక్కడ మోకాలి లోతు బురద, పాత చెట్ల మోళ్లు, చేపల వలలు ఉంటాయి. యాసంగి నాట్ల కోసం నీరు వదిలే కాలం కూడా ఇదే కనుక తూముల దగ్గర నీటి లాగుడు పైకి తెలియకుండా ఉంటుంది. 2025 జనవరిలో సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఐదుగురు యువకులు మునిగిపోయిన వార్త మీరు చదివే ఉంటారు. జలాశయాల దగ్గర ఇటువంటి ప్రమాదాలు చాలావరకు సెలవు రోజున, స్నేహితులు పక్కనుండగానే జరుగుతాయి. ఒకరిని కాపాడబోయి మరొకరు దిగడంతో సంఖ్య పెరుగుతుంది. ఎవరైనా పడితే దిగకూడదు. తాడో, చీరో, కర్రో, ఖాళీ నీళ్ల క్యానో విసరాలి, కేకలు వేసి బోటువాళ్లను పిలవాలి, 108కు ఫోన్ చేయాలి.

పిల్లల కాపలాకు ఒక పద్ధతి చెబుతాను. పెద్దలు ఎనిమిది మంది ఉన్నారు కనుక ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారన్న ధీమా అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఎనిమిది మంది ఉన్నచోట ఎవరూ చూడని క్షణాలే ఎక్కువ. అందువల్ల నీటికి దగ్గరగా ఉన్నంతసేపు అరగంటకు ఒకరు చొప్పున కాపలా వంతు వేసుకోండి. వంతులో ఉన్నవారు ఫోను జేబులో పెట్టుకోవాలి, మాటల్లో పడకూడదు, వంతు ముగిసినప్పుడు తరువాతి వారికి పేరు పెట్టి అప్పగించాలి. మునిగే పిల్లవాడు సినిమాల్లోలాగా చేతులు ఆడించి కేకలు వేయడు, చాలాసార్లు చప్పుడే కాదు. పడవ ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ వేసి పట్టీలన్నీ బిగించిన తరువాత పిల్లవాడిని జాకెట్ భుజాలు పట్టుకుని కొంచెం పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే అది వదులైనదని అర్థం, మార్చమని అడగండి. మూడేళ్ల పాపకు సరిపోయే జాకెట్ అక్కడ ఉండకపోవచ్చు, హైదరాబాద్‌లో కొని తీసుకువెళ్లడం మంచిది. అది లేకపోతే పాపను పడవ ఎక్కించకండి. గాలి ఊదిన రబ్బరు ట్యూబులు రక్షణ సాధనాలు కావు. మద్యం తీసుకున్నవారు పడవ ఎక్కకూడదన్న నియమాన్ని మొహమాటం లేకుండా బయలుదేరకముందే అందరితో ఒప్పించండి. చీకటి పడ్డాక వంతెన మీదికి పిల్లలు ఒంటరిగా వెళ్లకూడదు.

మీ అమ్మగారికి గది ఎంచేటప్పుడు అందంకన్నా మెట్ల సంఖ్య ముఖ్యం. లంక మీది కాటేజీలు ఫొటోల్లో బాగుంటాయి, కానీ వాటిని చేరడానికి ఊగే వంతెన మీద నడవాలి లేదా పడవ ఎక్కాలి, రాత్రి ఆమెకు ఒంట్లో నలతగా ఉంటే వెంటనే బండి దగ్గరికి తీసుకురావడం కష్టం. ఒడ్డునే, వాహనం ఆగే చోటుకు దగ్గరగా ఉన్న గదిని ఆమెకు, మీకు తీసుకోండి; గదిలో పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. లంక మీద ఉండాలన్న సరదా ఉన్న కుటుంబాలు అక్కడ ఉంటాయి, పగలంతా ఎలాగూ కలిసే ఉంటారు. ఆమెకు ఒక మడత కుర్చీ తీసుకువెళ్లండి. గట్టున ఆ కుర్చీ ఎక్కడ వేస్తే అక్కడే మనుమలంతా చేరతారు, మీ పని సగం తీరుతుంది.

భోజనాల విషయంలో ఒక హెచ్చరిక. ఇటువంటి ప్రయాణాల్లో మగవాళ్లకు మాత్రమే సెలవు దొరుకుతుంది, ఆడవాళ్లకు వంటిల్లు మారుతుంది, అంతే. వంట సామాను, గ్యాసు పొయ్యి వెంట తీసుకువెళదామని ఎవరైనా ఉత్సాహపడితే సున్నితంగా వద్దనండి. బసలోని క్యాంటీన్‌కు పద్నాలుగు మంది ఒక్కసారి వెళితే గంట పడుతుంది కనుక, మరుసటి రోజు ఏం కావాలో, ఎన్ని గంటలకు కావాలో ముందు రాత్రే చెప్పి ఉంచాలి. చేపల పులుసు కావాలంటే ఇంకా ముందుగా చెప్పాలి. కొర్రమీను దొరికిన రోజు దానికే ఓటు వేయండి, బొచ్చె, రవ్వ కూడా బాగుంటాయి గానీ ముళ్లు ఎక్కువ, చిన్నపిల్లలకు పెద్దవాళ్లు తీసి పెట్టాలి. మొదటి రోజు దారిలో తినడానికి పులిహోర, దద్దోజనం ఇంటి నుంచి తెచ్చుకోండి. మూడు రోజులకు సకినాలు, చెగోడీలు, సర్వపిండి, ఒక సీసా ఆవకాయ, కారప్పొడి చాలు. మీ నలుగురిలో శనివారం నీచు ముట్టనివారు, పూర్తి శాకాహారులు ఉంటే ఆ సంగతి ఇప్పుడే తెలుసుకుని చేపల భోజనం ఏ రోజు పెట్టుకోవాలో నిర్ణయించండి. తినుబండారాల సంచులు కారులో కనబడేలా ఉంచి అద్దాలు దించకండి, ఆ దారిలో కోతులు మనుషులకన్నా చురుకైనవి.

డబ్బు సంగతి మొహమాటంతో మొదలై మనస్తాపంతో ముగిసేది కనుక స్పష్టంగా ఉండాలి. గదుల ఖర్చు కుటుంబం లెక్కన, ఎవరి గది వారిది. తిండి, పడవలు, డ్రైవర్ బత్తా, డీజిల్ తలల లెక్కన, పెద్దలకు పూర్తి వాటా, ఐదేళ్లు దాటిన పిల్లలకు సగం, మిగిలినవారికి లేదు. మీ అమ్మగారి వాటా లెక్కలోకి రానివ్వబోమని మిగిలిన ముగ్గురూ అంటారు, అననివ్వండి. మద్యం ఖర్చు తాగేవారి మధ్య వేరుగా. బయలుదేరే ముందు నాలుగు కుటుంబాలూ సమానంగా కొంత సొమ్ము ఒకరి చేతిలో పెట్టి, ఆ ఒక్కరే అన్ని చెల్లింపులూ చేసి, తిరిగి వచ్చిన వారంలోపు పద్దు పంపాలి. పద్దు రాసేది డబ్బున్నవారు కాదు, ఓపికున్నవారు కావాలి. అడవిలో ఫోన్ సిగ్నల్ నిలకడగా ఉండదు, యూపీఐ ఆగిపోతుంది, అందువల్ల నోట్లు దగ్గర ఉంచుకోవాలి. ములుగు దాటకముందే తీసుకోండి.

ఎంత దగ్గరి స్నేహితులైనా మూడు రోజులు ఇరవై నాలుగు గంటలూ కలిసి ఉండటం అలవాటు లేని పని. ఒక కుటుంబం అయిదింటికి లేస్తుంది, మరొకటి రెండింటి దాకా మేలుకుంటుంది. ఒకరు పిల్లలకు ఫోన్ ఇవ్వరు, మరొకరు ఇస్తారు. వీటిని సరిచేయాలని చూడకండి. రోజుకు ఒక్క పూట మాత్రమే, రాత్రి భోజనం, అందరూ కలిసి చేయాలని నియమం పెట్టుకుని మిగిలిన వేళలు ఎవరిష్టం వారికి వదలండి. ఎవరైనా ఒక పూట గదిలోనే ఉండిపోతే ఎందుకు రాలేదని అడగకపోవడం మంచి స్నేహితులు చేయగలిగిన పెద్ద ఉపకారం. ఒక కుటుంబం పిల్లలను మరో కుటుంబం మందలించవచ్చా అన్నది కూడా ముందే మాట్లాడుకోండి. నీటి దగ్గర ఎవరైనా ఎవరినైనా మందలించవచ్చు, మిగిలిన చోట్ల కన్న తల్లిదండ్రులదే మాట అని పెట్టుకుంటే సరిపోతుంది.

రామప్పను మూడో రోజు పొద్దునకు ఉంచండి. పాలంపేటలోని ఆ గుడిని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పిల్లలకు రాజుల పేర్లు చెప్పి విసిగించకండి. పునాది కింద ఇసుక నింపి ఆ పైన ఇంత బరువైన గుడిని నిలబెట్టారని, శిఖరానికి నీటిలో తేలేటంత తేలికైన ఇటుకలు వాడారని చెప్పండి, తరువాత ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. గుడి పక్కన చెరువు కూడా ఆ కాలానిదే. కాకతీయులు గుడి కట్టిన చోట చెరువు తవ్వించారు, చెరువు ఉన్న చోట ఊరు నిలిచింది. రెండు రోజులు లక్నవరం గట్టున గడిపి వచ్చిన పిల్లలకు ఈ మాట పుస్తకంలో చదివినదానికన్నా బాగా ఎక్కుతుంది. ఈ కారణంగానే వెళ్లేటప్పుడు కాక వచ్చేటప్పుడు రామప్ప చూడమంటున్నాను. మీ అమ్మగారు ప్రాంగణంలో చెట్ల కింద కూర్చోవచ్చు.

వాహనం విషయానికి వస్తే, పద్నాలుగు మందికీ సరిపోయే టెంపో ట్రావెలర్ ఒకటి, దానితోపాటు ఒక సొంత కారు తీసుకువెళ్లండి. నాలుగు కార్లలో వెళితే నలుగురు మగవాళ్లు డ్రైవర్లుగా మిగులుతారు, దారిలో ఒకరికోసం ఒకరు ఆగడంతోనే పొద్దు గడుస్తుంది. ఒక్క టెంపోతోనే వెళితే అర్ధరాత్రి పిల్లవాడికి జ్వరం వచ్చినప్పుడు ములుగు ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి నిద్రపోతున్న డ్రైవర్‌ను లేపాలి. కారు నడిపే వంతు ఇద్దరు పంచుకోవాలి, వారిలో ఒకరు రాత్రిళ్లు తాగకుండా ఉండాలి. టెంపో డ్రైవర్‌కు పడుకునే చోటు ఎక్కడో బస మాట్లాడేటప్పుడే తేల్చుకోండి, ఆయన భోజనం మీ భోజనంతోపాటే చెప్పండి. మూడో రోజు రామప్ప నుంచి పదకొండింటికల్లా కదిలి హనుమకొండలో భోజనం చేస్తే, ఉప్పల్ దగ్గర సాయంత్రపు రద్దీ మొదలయ్యేలోపు నగరంలోకి వచ్చేస్తారు.